బంగారుపాళ్యంలో పలమనేరు గోడ

మా అవ్వ కోళ్లు మాకంటే మంచి ఇంట్లో ఉండేవి. వేళాకోళానికి అనడం లేదు. వానాకాలంలో పలమనేరు దగ్గర మా పెంకుటింట్లో మేము మూల మూలకీ గిన్నెలు పెట్టుకుని పడుకుంటే, అవ్వ కోళ్ల మీద ఒక్క చుక్క పడేది కాదు. వీధి వాకిట్లో తిన్నె కట్టించినప్పుడే దాని కడుపులో కోళ్లకు గూడు కట్టించింది ఆమె. బయటికి చిన్న కంత, కంతకు అడ్డంగా ఒక బండ. లోపల పేడతో అలికిన నేల, దాని మీద పొయ్యిలో బూడిద. తిన్నె మీద మనుషులు ఊరి సంగతులు మాట్లాడుకుంటూ ఉంటే కింద కోళ్లు గొణుగుతూ ఉండేవి. పొద్దుగూకే వేళకు అవ్వ వచ్చి "బా బా బా" అంటే చాలు, అన్నీ వరస కట్టి లోపలికి పోయేవి. మమ్మల్ని అంత మర్యాదగా ఎప్పుడూ పిలిచిన పాపాన పోలేదు మహాతల్లి.

పిల్లలకోడికి మాత్రం గంప. అమ్మ కాపురానికి వచ్చాక, ముంగిస కంత తవ్వుకుని దూరిందని, కాళ్లున్న చెక్కపెట్టె ఒకటి చేయించింది. మా ఇంట్లో కోడికి ఇల్లంటే అంతే. షెడ్డు అనే మాట మాకు నాయన వల్ల వచ్చింది.

మా ఊరికి పైన ఎప్పటిదో ఒక దొరల బంగళా ఉండేది. దొరలు పోయి ఎంతో కాలమైంది, దాని తోట ఎవరెవరి చేతులో మారింది, బంగళా సగం కూలిపోయింది. దాని వెనక కోళ్ల కోసం కట్టిన ఇల్లు మాత్రం చెక్కు చెదరలేదు. భుజం ఎత్తున ఇటుక గోడ, గోడ పైన ఇనుప జాలీ, రెండు వైపులా వాలుగా పెంకులు, కప్పు నడినెత్తిన గాలి పోవడానికి సందు. మా నాయనకు ఆ కోళ్ల ఇల్లంటే భక్తి. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని పోయి చూపించేవాడు. "సూడు పాపా, ఎట్ల కట్టినారో! కోడికి గాలి కావాల్నంట, గాలి తగలకూడదంట. రెండూ జరిగినాయి సూడు," అనేవాడు. నాకు ఏమీ అర్థమయ్యేది కాదు, ఊ కొట్టేదాన్ని.

తొంభైల్లో మా వైపు ఫారం కోళ్లు మొదలైనప్పుడు నాయన అందరికంటే ముందు దూకాడు. కంపెనీ వాళ్లు కాగితం మీద గీసిన షెడ్డు చూపిస్తే, అది ఆయనకు నచ్చలేదు. "ఇది పందిరి. దీన్ని షెడ్డంటారా?" అని, బంగళా దగ్గరికి పోయి చూసుకుని వచ్చి అచ్చు అట్లాగే కట్టాడు. కప్పు మోయడానికి రాతి కూసాలు, భుజం దాకా గోడ, పైన జాలీ. పెంకులకు బదులు సిమెంటు రేకులు, అంతే తేడా. ఆ గోడ వల్లే మా కోళ్లకు చలి తగల్లేదు. పలమనేరులో మార్గశిరం, పుష్యం ఎట్లా ఉంటాయో తెలుసు కదా? పొద్దున మొహం కడుక్కోవాలంటేనే ఏడుపొచ్చేది. చుట్టుపక్కల వాళ్ల కోళ్లు ముడుచుకుని కూర్చుంటే మావి గంతులేసేవి. నాయన మీసం దువ్వుకున్నాడు.

తరువాత నన్ను బంగారుపాళ్యం వైపు ఇచ్చారు. దూరం ఏమీ లేదు, బస్సెక్కి మొగిలి ఘాటు దిగడమే. కానీ ఘాటు దిగితే వేరే దేశం. పైన బస్సెక్కేటప్పుడు కప్పుకున్న శాలువ కింద దిగేటప్పుడు చంకలో ఉంటుంది. అత్తగారింట్లో మామిడితోపు, రెండు ఆవులు, మంచి మనుషులు, మంచి ఎండ. మా ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసేవాడు, కాయల కాలంలో ఇంటికి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. నాకేమో ఊరికే కూర్చోవడం చేతకాదు. కూర్చుంటే నోరు లేస్తుంది. మా అత్త అది రొంత తొందరగానే కనిపెట్టింది.

"ఈ పిల్లకు ఏదన్నా పని పెట్టండయ్యా, నా ప్రాణం తీస్తా ఉండాది," అని మా మామకు చెప్పింది.

నేను కోళ్లు పెట్టుకుంటానన్నాను. మా మామ మొదట ఒప్పుకోలేదు. మామిడి రైతు ఆయన, కోళ్లంటే వాసన అనేవాడు. ఆయన మనసు మార్చింది మా అమ్మ చేతి వంట. ఒకసారి విందుకు మా పుట్టింటికి వచ్చి, రాగిసంగటి, కోడి పులుసు తిని, అరిగించుకోవడానికి షెడ్డు వైపు నడిచాడు. లోపలికి పోయాడు, బయటికి వచ్చాడు, మళ్లీ లోపలికి పోయాడు. కాసేపటికి మా మంచాల కోసం పెట్టిన నులక తాడు ఒకటి తీసుకుని, అటూ ఇటూ చూసి, షెడ్డు పొడుగు కొలిచి ముడి వేశాడు. వెడల్పు కొలిచి ముడి. గోడ ఎత్తు కొలిచి ముడి. వంటింటి కిటికీలోంచి అమ్మా నేనూ చూస్తున్నాం. నాయన కూడా చూశాడు, చూడనట్టు ఆకాశం వైపు తిరిగాడు. సంతోషంతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మీ మామ మన షెడ్డును కొలుస్తా ఉండాడు పాపా," అన్నాడు నాతో మెల్లగా. "అడిగితే నేనే చెప్తా గదా! అయినా అడగడు, పెద్దమనిషి."

వియ్యంకుల మర్యాద అంటే ఏమిటో తెలియని వాళ్లకు ఇదంతా తమాషాగా ఉంటుంది. ఒకరినొకరు "బావా" అని పిలుచుకుంటారు, ఒకరి మాట ఒకరు కాదనరు, ఎదుటివాడి ఇంట్లో చారు ఉప్పు కషాయమైనా రెండోసారి పోయించుకుంటారు. మా మామ షెడ్డు కట్టించినప్పుడు పొడుగు మాత్రం మా నాయన షెడ్డుకంటే ఒక గజం ఎక్కువ పెట్టాడు. వియ్యంకుడికంటే రవ్వంత ఎక్కువ లేకపోతే ఎట్లా మరి? గోడను మాత్రం ముట్టుకోలేదు. ముడి ఎక్కడుంటే అక్కడిదాకా, భుజం ఎత్తున, బంగారుపాళ్యం ఎండలో లేచింది పలమనేరు గోడ.

కంపెనీ సూపర్వైజరు వచ్చి చూసి నోరు తెరిచాడు. "ఈ ఊర్లో గోడ అడుగుకు మించకూడదు సార్. గాలి ఆడక కోళ్లు చస్తాయి," అన్నాడు.

"నువ్వేమన్నా నాకు పిల్లనిచ్చినావా నీ మాట వినేదానికి?" అన్నాడు మా మామ. ఆ అబ్బాయి పాపం మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

మొదటి బ్యాచి చలికాలంలో వేశాం. బ్రహ్మాండం. ఒక్కొక్క కోడి బుట్టబొమ్మలాగ పెరిగింది. మామ వచ్చినవాళ్లందరినీ షెడ్డు దగ్గరికి తీసుకుపోయి, "ఇది మా బావ కొలత," అని చూపించాడు. నేను కూడా తల ఎగరేసుకుని తిరిగాను, దాచిపెట్టడం దేనికి?

రెండో బ్యాచి ఎండలు ముదిరేటప్పటికి అమ్మకం వయసుకు వచ్చింది. అప్పుడు తెలిసింది. మధ్యాహ్నం లోపలికి అడుగు పెడితే పొయ్యిలో తల పెట్టినట్టు ఉండేది. పైన రేకులు కాలుతున్నాయి, కింద వేసిన చెనక్కాయల పొట్టు వేడెక్కింది, నడుమ కదలని గాలి. గాలి వీస్తూనే ఉంది, కోళ్ల తలలకు ఎంతో ఎత్తున జాలీలోంచి వచ్చి జాలీలోంచే పోతోంది. కోళ్లు ముక్కులు తెరిచి, రెక్కలు దూరంగా పెట్టుకుని, గోడ మొదట్లో పడి రొప్పుతున్నాయి. నేను నీళ్లు మారుస్తున్నాను, గోనెపట్టాలు తడిపి వేస్తున్నాను, రేకుల మీద చెరుకాకు పరిపించాను. అయినా పొద్దున లేస్తే చచ్చిన కోళ్లు. నా చేతుల్లో పెరిగినవి. వాటిని గంపకెత్తి గుంటలో వేసి వచ్చిన రోజు నాకు అన్నం దిగలేదు.

మామ మేత మార్పించాడు. దిష్టి తగిలిందని బూడిద గుమ్మడికాయ కట్టించాడు. నేను ఆగలేక అడిగేశాను.

"మామా, గోడ తీసేద్దాం. తప్పంతా గోడదే."

"గోడ జోలికి పోవద్దు మ్మా. మీ నాయన కొలత అది. దాన్ని పగలగొట్టి ఆయన ముందర ఏ మొగం పెట్టుకోని నిలబడేది? బావా, మీది తప్పు అని చెప్పినట్టు గాదా?" ఆ వెంటనే నేను భయపడుతున్న మాట కూడా అనేశాడు. "ఇంకొక్క బ్యాచి సూస్తా. అదీ ఇట్లే పోతే కోళ్లు వద్దు, ఏమీ వద్దు. షెడ్డులో కాయలు మాగబెట్టుకుంటా."

"కాయలైతే బాగా మాగుతాయి. పొగ కూడా పెట్టబన్లేదు," అంది మా అత్త పక్కనుంచి.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ షెడ్డు నా పని. పొద్దున లేస్తే నేను వెళ్లాల్సిన చోటు అది. దాన్ని మామిడికాయలకు ఇచ్చేసి మళ్లీ వంటింట్లో మా అత్త ప్రాణం తీయాలా? ఆమెకూ ఇష్టం లేదు, నాకూ ఇష్టం లేదు.

రెండో బ్యాచి మిగిలిన కోళ్లను పంపేసి, షెడ్డు ఊడ్చి, కడిగి, సున్నం కొట్టాను. కొత్త పిల్లలు రావడానికి వారం ఉంది. నాయనకు కబురు పెట్టాను. మా నాయన ఎండలో బస్సు దిగి, నేరుగా షెడ్డుకు వచ్చి, లోపల అడుగు పెట్టగానే అంతా ఆయనకు అర్థమైపోయింది. మొహం చూస్తే నాకు తెలియదా? హమ్మయ్య అనుకున్నాను. వెనకే మా మామ వచ్చాడు.

"ఎట్లుండాది బావా షెడ్డు?"

"బాగుండాది బావా. శానా బాగుండాది," అన్నాడు మా నాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన్ని పక్కకు లాగి, "నాయనా, గోడ తప్పని ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్తే తీసేస్తాడు," అన్నాను.

"బిడ్డనిచ్చిన ఇంటికి వచ్చి, మీ గోడ బాలేదు అని చెప్పేదా పాపా? అంత మర్యాద తెలీనోడినా నేను?"

"అది నీ గోడే గదా!"

"అందుకే మరి. నా గోడను మెచ్చి కట్టుకున్న మనిషిని పట్టుకోని ఎట్ల చెప్పేది?"

చూశారా? తీసేద్దామంటే మా నాయన ఏమనుకుంటాడో అని మామ. తప్పని చెబితే మా మామ ఏమనుకుంటాడో అని నాయన. ఇద్దరి మర్యాద నడుమ చచ్చేది నా కోళ్లు. సరే, ఇద్దరూ పెద్దమనుషులే కదా, మర్యాదగానే చూద్దాం అనుకున్నాను. మిట్టమధ్యాహ్నం షెడ్డు నడిమధ్యలో చాప వేసి, ఆకులు వేసి, "ఇల్లంతా కాయల బుట్టలు, భోజనం ఈడే పెట్టినాను, రాండి," అని ఇద్దరినీ పిలిచాను.

మా మామ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. వియ్యంకుడు లోపలికి పోతుంటే ఆగలేడు కదా, పోయి కూర్చున్నాడు. పొగలు కక్కుతున్న సంగటి ముద్దలు పెట్టాను. దాని మీద కోడి పులుసు, ఆ రోజు మిరియాలు కొంచెం ధారాళంగానే పడ్డాయి. పైన రేకులు టప్ టప్ అంటున్నాయి. ఇద్దరి నెత్తుల మీద నుంచీ చెమట ఆకుల్లోకి కారుతోంది.

"గాలి బాగా ఆడతా ఉండాది గదా బావా?" అన్నాడు మా మామ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

"ఆఁ, సల్లంగా ఉండాది బావా," అన్నాడు మా నాయన. ఆయన చొక్కా ఒంటికి అంటుకుపోయి చాలాసేపైంది.

"ఇంకొంచెం సంగటి, నాయనా?"

"సాలు పాపా..."

"మామా, మీరన్నా చెప్పండి. మా నాయన తిననంటే మీరు బలవంతం చెయ్యాల గదా?"

"తినండి బావా," అన్నాడు మామ, దాదాపు ఏడుపు గొంతుతో. మా నాయన ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు. ఆయన పెట్టించుకున్నాడని మామ కూడా పెట్టించుకున్నాడు. నేను బయటికి వెళ్లి చెట్టు కింద నిలబడి మళ్లీ లోపలికి వచ్చి వడ్డిస్తున్నాను. వాళ్లు నా వైపు చూస్తున్న చూపు ఇప్పటికీ గుర్తొస్తే నవ్వు ఆగదు.

ఇంతలో మా అత్త మజ్జిగ చెంబు పట్టుకుని లోపలికి వచ్చింది. రెండడుగులు వేసి, వెనక్కి ఎగిరినంత పని చేసింది.

"ఓయమ్మో! ఏం ఉడకబెడతా ఉండావు మ్మేయ్? కోడినా, వీళ్లిద్దర్నా?"

మొదట మా నాయన నవ్వాడు. పొలమారి, దగ్గి, కళ్ల నీళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. మామ చెంబు లాక్కుని సగం తాగి మిగతాది నెత్తిన పోసుకున్నాడు.

"బావా," అన్నాడు మా నాయన, "మా ఊర్లో ఈ గోడ దుప్పటి మాదిరి. ఈ ఊర్లో ఎవరన్నా దుప్పటి కప్పుకోని పండుకుంటారా?"

"ఆ మాట పొద్దన్నే సెప్పుంటే నేను ఇంత తినే పని తప్పేది గదా బావా!"

ఎండ తగ్గాక గడ్డపార మా మామే పట్టుకున్నాడు. మొదటి దెబ్బ మీరెయ్యాలంటే మీరెయ్యాలని మళ్లీ కాసేపు మర్యాదలు. చివరికి నాకు విసుగొచ్చి గడ్డపార లాక్కుని మొదటి దెబ్బ నేనే వేశాను. నాలుగు వైపులా గోడను మోకాలి కిందికి దించి, ఖాళీ అయిన చోట జాలీ బిగించారు. ఇటుకలన్నీ నావి అంది మా అత్త. వాటితో వాకిట్లో తిన్నె కట్టించుకుని, దాని కింద తన నాటుకోళ్లకు గూడు పెట్టించింది, అచ్చు మా అవ్వ గూడు మాదిరి. మూడో బ్యాచి నిండు ఎండల్లో పెరిగింది. పొద్దున తలుపు తీస్తే అన్నీ నా కాళ్ల మీదికి ఉరికేవి. మామిడికాయల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? ఆ శ్రావణంలో ఒక పెళ్లికి అందరం పోయాం. మా మామ వైపు దూరపు పెద్దమ్మ ఒకామె, మా నాయన వింటుండగానే, పంక్తి మొత్తానికి వినపడేలా అంది.

"ఏం మ్మా, మీ పుట్టింటోళ్ల గోడ మా ఎండకు కరిగిపోయినాదంట గదా? పిల్లనిచ్చేటప్పుడు కూడా కొలత సూసే ఇచ్చినారా, లేదా?"

"కరిగింది గోడే పెద్దమ్మా. నేను గట్టిగానే ఉండాను, కావాలంటే గిల్లి సూడు," అన్నాను. అందరూ నవ్వారు. నేను పాయసం వచ్చేసరికి ఆ మాట మర్చిపోయాను. మా నాయన పాయసం తినలేదని అప్పుడు గమనించలేదు.

మళ్లీ చలికాలంలో పుట్టింటికి పోయాను. సాయంత్రం బస్సు దిగి, శాలువ కప్పుకుని, ఇంటికన్నా ముందు షెడ్డు వైపు చూశాను. నిలబడిపోయాను. మా నాయన గోడ లేదు. మోకాలి కింద దాకా, సరిగ్గా మా షెడ్డు మాదిరే, నున్నగా కొట్టేసి ఉంది. ఆ పైనంతా కుట్టిన గోనెపట్టాలు. నాయన తలకు తువ్వాలు చుట్టుకుని, చల్లగాలిలో ఒక్కొక్క పట్టా దించి తాడుతో కడుతున్నాడు.

"ఏంది నాయనా ఇది? ఈ సలిలో గోడ యాల తీసేసినావు?"

"కొత్త మోడలు పాపా. గాలి బాగా ఆడతాది," అన్నాడు నా వైపు చూడకుండా.

అమ్మ వెనకనుంచి వచ్చింది. "అంతా అబద్ధం. పెళ్లిలో ఆమె నిన్ను అట్ల అనిందని, ఇంటికొచ్చి మరుసటి రోజే పగలగొట్టినాడు. ఇంగ ఎవరన్నా అంటే, మా ఇంట్లో కూడా అంతే, అది కొత్త పద్ధతి అని నువ్వు సెప్పుకోవచ్చంట. పొద్దున ఎత్తేది, సాయంత్రం దించేది, ఇదే పని."

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. నేను కోపమే చూపించాను, నాకు చేతనైంది అదే.

"నీకేమన్నా బుద్ధుండాదా నాయనా? ఎవరో ఏదో అంటే నీ కోళ్లకు సలి పెట్టుకుంటావా?"

ఆయన ముడి వేయడం ఆపి నా వైపు తిరిగాడు. చేతి వేళ్లు చలికి కొంకర్లు పోయి ఉన్నాయి.

"కోళ్లకైతే గోనెపట్టా కప్పినాను. నీకేం కప్పేది పాపా?"

నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. తరువాత కళ్లు తుడుచుకుని, నేరుగా బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతుకు పోయి, బంగారుపాళ్యంలో మా వీధి దుకాణానికి ఫోను చేసి, మామను పిలిపించాను. జరిగిందంతా చెప్పాను.

"పిచ్చి బావ," అన్నాడు మామ. "ముందు గోడ ఎంత ఎత్తు ఉన్నిందో ఎవరికన్నా తెలుసునా మ్మా?"

"ఎవరికి తెలుసు మామా? బంగళా వెనక కోళ్ల ఇల్లు కూడా పోయిన వానకు పడిపోయింది."

"అయితే ఉండు. నా దగ్గిర ఉండాది."

మరునాడు పొద్దున బస్సులో మేస్త్రీని వెంటబెట్టుకుని దిగాడు మా మామ. భుజం మీద చుట్టిన నులక తాడు. మా నాయన దాన్ని చూసి, "అది ఇంకా పెట్టుకోనుండారా బావా?" అన్నాడు.

"మీ ఇంటి తాడు బావా, యాడ పారేసేది?" అని, మామ నా వైపు తిరిగి ఊరికంతా వినపడేటట్టు గట్టిగా అన్నాడు, "రేపు ఎవరన్నా నిన్ను ఒక్క మాట అంటే, అడక్కుండా దొంగతనంగా కొలుచుకోని పోయింది మా మామ అని సెప్పు. నన్నొచ్చి అడగమను."

ఇద్దరూ కలిసి ఇటుకలు అందించారు. పొద్దు వాలేటప్పటికి మేస్త్రీ చివరి వరస పెట్టి, తాడు కొసను నేలకు ఆనించి పైకి పట్టి చూశాడు. ముడి సరిగ్గా గోడ అంచు మీదికి వచ్చింది.